మూడో పిక్ కోసం 34 రోజులు

2021 మార్చి 26, శుక్రవారం. ఇంటి నుంచే పని చేస్తున్న రోజులు. మీటింగ్‌లో కెమెరా ఆఫ్ చేసుకుని రాత్రి మిగిలిన పులిహోర తింటున్నాను. టెక్సస్ నుంచి మా బావ మెసేజ్ పెట్టాడు: "ఏరా, మీవాళ్లకి పిచ్చిగానీ పట్టిందా?"

బావ అంటే మా మేనత్త కొడుకు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ ఆఫీసు, ప్రాక్టీసు మైదానం ఆ ఊళ్లోనే ఉన్నాయి కాబట్టి ఆ జట్టంతా తన జాగీరన్నట్టు మాట్లాడతాడు. నేనుండేది కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో. మా జట్టు శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్. పేరుకే శాన్ ఫ్రాన్సిస్కో. 2014 నుంచి వాళ్లు ఆడుతున్నది మా ఇంటికి పావుగంట దూరంలో, శాంటా క్లారాలోని లీవైస్ స్టేడియంలో.

విషయం ఏమిటంటే, మావాళ్లు మయామీ డాల్ఫిన్స్‌తో బేరం కుదుర్చుకున్నారు. మా 12వ పిక్, 2022, 2023 మొదటి రౌండ్ పిక్‌లు రెండూ, అవి చాలవన్నట్టు ఒక మూడో రౌండ్ పిక్ కూడా అప్పజెప్పి, వాళ్ల చేతిలో ఉన్న మూడో పిక్ తెచ్చుకున్నారు. ఒక్క కుర్రాడి కోసం.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. మన ఐపీఎల్‌లో వేలం ఉంటుంది, ఎవరి దగ్గర డబ్బుంటే వాళ్లు పాడుకుంటారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో వేలం లేదు, వంతులున్నాయి. కాలేజీ జట్లలో ఆడి వచ్చిన కుర్రాళ్లని 32 జట్లూ ఏడు రౌండ్లలో ఒకరి తర్వాత ఒకరు ఎంచుకుంటారు. కిందటేడు అట్టడుగున ఉన్నవాళ్లది ముందు వంతు, కప్పు కొట్టినవాళ్లది ఆఖరి వంతు. ఒక్కో వంతుని పిక్ అంటారు. వంతులు కొనుక్కోవడం కుదరదు గానీ ఇచ్చిపుచ్చుకోవచ్చు. దీన్నే డ్రాఫ్ట్ అంటారు, ఏటా ఏప్రిల్ చివర్లో జరుగుతుంది. ఇక క్వార్టర్‌బ్యాక్ అంటే, మనం దాడికి దిగిన ప్రతిసారీ బంతి ముందు ఎవరి చేతికొస్తుందో అతను. క్రికెట్‌లో కెప్టెన్, ఓపెనర్, కీపర్ ముగ్గురూ ఒకే మనిషైతే ఎంత బరువో అంత బరువు. మంచివాడు దొరికితే పదిహేనేళ్లు దిగుల్లేదు. దొరక్కపోతే ప్రతి ఏప్రిల్లోనూ పెళ్లిచూపులే.

మాకు అప్పటికే జిమ్మీ గరాపలో ఉన్నాడు. చూడ్డానికి సినిమా హీరో. 2019 సీజన్లో మమ్మల్ని సూపర్‌బౌల్, అంటే ఫైనల్ దాకా తీసుకెళ్లాడు, అక్కడ కాన్సస్ సిటీ చేతిలో 31-20తో ఓడాం. ఆ మ్యాచ్ చివర్లో ఇమాన్యుయెల్ శాండర్స్ ఖాళీగా పరిగెడుతుంటే అతని తల మీదుగా విసిరిన బంతి ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ఆట కన్నా అతని ఒళ్లే పెద్ద సమస్య. 2018లో మోకాలు పోయింది, 2020లో చీలమండ. ఆ 2020లో కోవిడ్ వల్ల మా కౌంటీ మైదానంలో ఆడొద్దంటే జట్టు అరిజోనా వెళ్లి తలదాచుకుంది. 6 గెలుపులు, 10 ఓటములు. అందుకే 12వ వంతు.

సరే, మూడో పిక్ వచ్చింది. ఎవరి కోసం? మొదటి పిక్ జాక్సన్‌విల్‌ది, వాళ్లు ట్రెవర్ లారెన్స్‌ని తీసుకుంటారని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. రెండోది న్యూయార్క్ జెట్స్‌ది, వాళ్లు జాక్ విల్సన్ మీద మనసు పడ్డారు. మిగిలింది ముగ్గురు. అలబామా కుర్రాడు మాక్ జోన్స్: నూటికి 77 బంతులు సరిగ్గా చేర్చి ఆ ఏడాది కాలేజీ ఛాంపియన్‌షిప్ కొట్టాడు, కానీ పరిగెత్తలేడు. ఒహాయో స్టేట్ కుర్రాడు జస్టిన్ ఫీల్డ్స్: క్లెమ్సన్ మీద సెమీఫైనల్లో పక్కటెముకల్లో దెబ్బ తగిలి వంగిపోయి కూడా 6 టచ్‌డౌన్లు వేశాడు. మూడోవాడు ట్రే లాన్స్, నార్త్ డకోటా స్టేట్. 2019లో 28 టచ్‌డౌన్లు వేసి ఒక్క బంతి కూడా ప్రత్యర్థి చేతిలో పెట్టలేదు. కాకపోతే చిన్న కాలేజీ, కోవిడ్ వల్ల 2020లో ఒకే ఒక్క మ్యాచ్, వయసు ఇంకా 21 నిండలేదు.

నేను ఫీల్డ్స్ అన్నాను. బావ మాక్ జోన్స్ అన్నాడు. పందెం వేసుకున్నాం: ఓడినవాడు గెలిచినవాడికి వచ్చిన కుర్రాడి జెర్సీ కొనివ్వాలి.

బావ అలా అనడానికి కారణం ఉంది. మా కోచ్ కైల్ షానహాన్ అట్లాంటాలో ఉండగా మాట్ ర్యాన్‌కి 2016 ఎంవీపీ (ఆ ఏటి మేటి ఆటగాడు) అవార్డు తెప్పించాడు, అంతకుముందు వాషింగ్టన్‌లో కర్క్ కజిన్స్‌ని తీర్చిదిద్దాడు. ఇద్దరూ నిలబడి బుర్రతో ఆడేవాళ్లే, కాళ్లతో కాదు. "మీ కోచ్‌కి ఎదురు చెప్పని గుమాస్తా కావాల్రా, హీరో కాదు" అన్నాడు బావ. విని ఒళ్లు మండింది. నిజమేమోనన్న భయంతో ఇంకా మండింది.

ఆ తర్వాత నాలుగు వారాలు నేనెలా బతికానో చెప్పాలంటే సిగ్గుగానే ఉంటుంది. పొద్దున లేవగానే ఫోన్. ఇండియా నుంచి వచ్చిన మెసేజ్‌ల కన్నా ముందు మాక్ డ్రాఫ్ట్‌లు చూసేవాణ్ణి. మాక్ డ్రాఫ్ట్ అంటే ఎవరు ఎవర్ని తీసుకుంటారో ముందే రాసిపెట్టే ఊహ జాబితా. రాసేవాళ్లు వందలమంది, చదివేవాళ్లం లక్షలమంది. పంచాంగ శ్రవణం వినే మా తాతయ్య కూడా అంత నమ్మకంగా వినలేదు. ఉగాదికి చెప్పేది ఏడాదికి ఒక్కసారే, ఇక్కడ రోజుకి నాలుగుసార్లు రాశిఫలాలు మారేవి.

మార్చి 30న ఫీల్డ్స్‌ది కొలంబస్‌లో ప్రో డే, అంటే జట్ల పెద్దల ముందు విసిరి చూపించే రోజు. అదే రోజు మాక్ జోన్స్‌ది అలబామాలో. షానహాన్, మేనేజర్ జాన్ లించ్ ఇద్దరూ అలబామాకి వెళ్లారు. "అయిపోయింది, తాంబూలాలు పుచ్చుకున్నారు" అన్నాడు బావ. ఏప్రిల్ 14న ఫీల్డ్స్‌కి మళ్లీ ప్రో డే పెట్టారు, అక్కడికీ వెళ్లారు. నేను ఎగిరి గంతేశాను. 19న లాన్స్ కోసం నార్త్ డకోటాలోని ఫార్గో దాకా వెళ్లారు. లాన్స్‌కి శిక్షణ ఇస్తున్న జాన్ బెక్ ఒకప్పుడు వాషింగ్టన్‌లో షానహాన్ కింద ఆడినవాడని ఎవరో తవ్వి తీశారు. దాని మీద రెండు రోజులు చర్చ. అలబామాకి వెళ్లడం నిజంగా ఇష్టమా, ఇష్టం ఉన్నట్టు నటనా? ఫీల్డ్స్ దగ్గరికి ఆలస్యంగా వెళ్లడం అయిష్టమా, ముందే నచ్చేశాడు కాబట్టి తొందర లేకనా? ఏ వార్త వచ్చినా మూడు పక్షాలవాళ్లూ అది తమకే అనుకూలమని నిరూపించేవాళ్లు. నేనూ తక్కువేం తినలేదు.

ఇక్కడివాళ్లు దీన్ని స్మోక్‌స్క్రీన్ అంటారు, కావాలని పెట్టే పొగ. నిప్పు లేనిదే పొగ రాదని మనం నమ్ముతాం. డ్రాఫ్ట్ నెలలో నిప్పుతో పని లేదు. ఏజెంట్ తన కుర్రాడి ధర పెరగాలని ఒక మాట వదులుతాడు, వెనక వంతుల్లో ఉన్న జట్టు తనక్కావాల్సినవాడు మిగలాలని ఇంకో మాట వదులుతుంది, రిపోర్టరుకి రేపు కూడా ఫోన్లు రావాలి కాబట్టి రెండూ రాస్తాడు. మధ్యలో గరాపలో ఒకడు. అతనికి మాత్రం మన అర్థంలోనే పొగబెట్టారు. జిమ్మీ ఉంటాడని చెబుతూనే ఉన్నారు, అతని కుర్చీలో కూర్చోబెట్టడానికి ఇంకొకణ్ణి వెతుకుతూనే ఉన్నారు.

మా పక్కింటి పెద్దాయన అడిగిన ప్రశ్న మాత్రం నాకిప్పటికీ గుర్తే. జట్టు పాత మైదానం కాండిల్‌స్టిక్ పార్క్ రోజుల నుంచి ఈ జట్టుని చూస్తున్న మనిషి. నిమ్మచెట్టుకి నీళ్లు పెడుతూ, మాస్కు కిందికి లాగి, కంచె అవతల నుంచి అడిగాడు: "అసలు పొగ ఎవరికోసం బాబూ? మన ముందు ఇద్దరే, ఇద్దరూ ఎవర్ని తీసుకుంటారో ఖాయం. మనం అనుకున్నవాణ్ణి మన ముందునించి ఎత్తుకుపోయేవాడే లేడు. దాచి ఎవర్ని మోసం చేస్తారు?" నెల రోజులు నేను చదివిన విశ్లేషణలన్నీ కలిపినా ఆ మాట ముందు నిలవవు. నా దగ్గర సమాధానం లేదు. బహుశా వాళ్లకే ఇంకా తేలలేదేమో అన్నాను. ఆయన పైపు చెట్టు మొదట్లో వదిలేసి నావైపు చూశాడు. "అదే నా భయం."

ఆయన భయానికి చరిత్ర ఉంది. పక్కనే శాన్ మటేయోలో పుట్టి పెరిగి, నాలుగేళ్ల వయసులో కాండిల్‌స్టిక్‌లో కూర్చుని ఈ జట్టు ఆట చూసిన టామ్ బ్రేడీని 2000 డ్రాఫ్ట్‌లో మావాళ్లు వదిలేశారు. మూడో రౌండ్లో జొవానీ కార్మాట్సీ అనే క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకున్నారు, అతను ఏ సీజన్లోనూ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. బ్రేడీ 199వ పిక్‌గా వేరే జట్టుకి పోయి, ఈ ఆటలోనే మేటి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. 2005లో మొదటి పిక్ మాదే. పక్కనే బర్కిలీలో చదివి, మా జట్టుకే ఆడాలని కలలుగన్న ఏరన్ రాడ్జర్స్‌ని కాదని అలెక్స్ స్మిత్‌ని తీసుకున్నాం. 2017లో రెండో పిక్ చేతిలో ఉంటే పాట్రిక్ మహోమ్స్‌ని వదిలేశాం, ఆ సూపర్‌బౌల్లో మమ్మల్ని ఓడించిన కాన్సస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ అతనే. "నేను ఎవరు కావాలో చెప్పను. ఊళ్లోవాణ్ణి వదలొద్దని మాత్రం చెబుతా" అనేవాడు. ఈ ముగ్గురిలో ఊళ్లోవాడు ఎవరూ లేరు.

ఏప్రిల్ 17, శనివారం నాకు వ్యాక్సిన్ వంతు వచ్చింది. ఎక్కడో తెలుసా? లీవైస్ స్టేడియంలోనే. ఆ ఫిబ్రవరి నుంచి దాన్ని టీకా కేంద్రం చేశారు. ఏడాదిన్నర తర్వాత ఆ గేటు దాటడం, అదీ మ్యాచ్‌కి కాదు, సూదికి. సూది వేసినావిడ మాస్కు మీద మా జట్టు గుర్తు చూసి ఉండబట్టలేక అడిగాను, మూడో పిక్ ఎవరంటారు అని. "చెయ్యి వదులుగా పెట్టండి. మాక్ జోన్స్ పేరెత్తారంటే గట్టిగా పొడుస్తా" అంది. తర్వాత 15 నిమిషాలు కూర్చోమన్నారు. నా ముందు వరసలో ఇద్దరు, వెనక ఒకాయన, ఆరేసి అడుగుల దూరంలో కూర్చుని, మొహాలు కూడా సరిగ్గా కనపడని మనుషులం, ఫీల్డ్స్ గురించి గొంతు చించుకుని వాదించుకున్నాం. 15 నిమిషాలయ్యాయని వాలంటీరు వచ్చి చెబితే ఒక్కడూ లేవలేదు.

ఆ వారమే ఇంటి దగ్గర పరిస్థితి తిరగబడింది. సెకండ్ వేవ్. 22న హైదరాబాద్‌లో మా బాబాయికి జ్వరం, 24కి ఆక్సిజన్ 88. బెడ్డు లేదు. ఇక్కడ రాత్రి అయితే అక్కడ పగలు కాబట్టి నేనూ బావా నిద్ర మానేసి ఫోన్ల మీద కూర్చున్నాం. బావకి ఆయన మేనమామ, చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినవాడు. నంబర్లు పంచుకుని చెరో ఇరవై ఆసుపత్రులకి చేసేవాళ్లం. "ఖాళీ లేదండీ", "పేరు రాయించుకోండి", రింగ్, రింగ్, కట్. ఒకచోట బెడ్డుందని పిలిచి, తీరా పిన్ని తీసుకెళ్తే గేటు దగ్గరే లేదన్నారు. లైను కలిసేలోపు ఖాళీ. ఆ ఖాళీలో బావ అనేవాడు, "మాక్ జోన్సేరా, వేగస్‌లో కూడా రేటు వాడి మీదే ఉంది." నేను "నోర్ముయ్ బావా" అనేవాణ్ణి. ఇంకేం మాట్లాడుకోగలం? బాబాయి గురించి మాట్లాడుకుంటే ఇద్దరిలో ఎవరో ఒకరం ఏడ్చేవాళ్లం. ఆదివారం తెల్లవారుజామున, అక్కడ సాయంత్రం, బెడ్డు దొరికింది.

మర్నాడు 26, సోమవారం. షానహాన్ ప్రెస్ మీట్. ఆదివారానికి గరాపలో ఇంకా మీ జట్టులో ఉంటాడా అని ఎవరో అడిగారు. ఆదివారానికి ప్రపంచంలో ఎవరు బతికుంటారో నేను గ్యారంటీ ఇవ్వలేను, కాబట్టి మా జట్టులో ఎవరుంటారో కూడా ఇవ్వలేను అన్నాడు.

ఇక్కడంతా దాన్ని జోకుగా తీసుకున్నారు. మీమ్‌లు మొదలయ్యాయి. గరాపలో పని అయిపోయిందని ఒకరు, చావు మీద హాస్యమేమిటని ఇంకొకరు. నేను ల్యాప్‌టాప్ మూసేసి బాత్‌రూమ్‌లోకి వెళ్లి కాసేపు కుళాయి వదిలి నించున్నాను. కోపం లేదు, ఆయనకేం తెలుసు. పది నిమిషాల తర్వాత బావ నుంచి మెసేజ్: "విన్నావా?" విన్నానన్నాను. ఆ రోజు మాక్ జోన్స్ మాట ఇద్దరం ఎత్తలేదు.

29, గురువారం. మధ్యాహ్నం ఇంకో బాంబు: గ్రీన్ బేలో ఏరన్ రాడ్జర్స్‌కి అక్కడ ఉండటం ఇష్టం లేదట. మేమే తెచ్చుకుంటామని ఒక పుకారు. పక్కింటి పెద్దాయన నిజంగానే తలుపు కొట్టాడు, 16 ఏళ్ల తర్వాత తప్పు దిద్దుకుంటారేమోనని. అంతలోనే అది చల్లారింది. సాయంత్రం 5 గంటలకి క్లీవ్‌లాండ్‌లో డ్రాఫ్ట్ మొదలైంది. ఇండియాలో శుక్రవారం తెల్లవారి 5:30. టీవీ ముందు నేను, వీడియో కాల్లో బావ, నా చేతిలో ఇంకో ఫోన్. లారెన్స్. విల్సన్. ఇక మాది, పది నిమిషాల గడువు. సరిగ్గా అప్పుడే పిన్ని వాయిస్ మెసేజ్. టీవీ సౌండ్ తగ్గించి విన్నాను. ఆక్సిజన్ 5 లీటర్ల నుంచి 2కి తగ్గించారట, రాత్రి ఇడ్లీ అడిగి తిన్నాడట. స్పీకర్లో పెట్టి బావకి వినిపించాను. మేము ఆ మెసేజ్ మూడోసారి వింటుండగా లీగ్ కమిషనర్ గూడెల్ వచ్చి ఏదో చదివేసి వెళ్లిపోయాడు.

"ఎవర్రా?" అన్నాడు బావ. నాకూ తెలియదు. సౌండ్ పెంచాను. ట్రే లాన్స్.

పందెం ఇద్దరం ఓడాం. జెర్సీ నేనే కొనుక్కున్నాను, 5వ నంబరు. ఫీల్డ్స్‌ని 11వ పిక్‌గా షికాగో తీసుకుంది, మాక్ జోన్స్‌ని 15వ పిక్‌గా న్యూ ఇంగ్లండ్. వారం తిరిగేసరికి నేను లాన్స్ కాలేజీ మ్యాచ్‌లు చూస్తూ, మొదటినుంచీ నాకు అతనే ఇష్టమని ఆఫీసులో చెప్పడం మొదలుపెట్టాను. బాబాయి మే మొదట్లో ఇంటికొచ్చాడు.

లాన్స్ మొదటి ఏడు దాదాపు అంతా గరాపలో వెనకే కూర్చున్నాడు. 2022 సెప్టెంబరులో పగ్గాలిచ్చారు. ఆ సీజన్ మొదటి మ్యాచ్ షికాగోలో, కుండపోత వానలో, ఎదుటి జట్టులో ఎవరనుకున్నారు, ఫీల్డ్సే. 19-10తో వాళ్లు గెలిచారు. రెండోది మా స్టేడియంలో, సియాటిల్‌తో, సెప్టెంబరు 18. జెర్సీ వేసుకుని వెళ్లాను. మొదటి క్వార్టరింకా అవలేదు, బంతి పట్టుకుని మధ్యలోంచి దూరాడు, కిందపడ్డాడు, లేవలేదు. బండి వచ్చింది. చీలమండ విరిగింది. అన్ని వేలమంది ఉన్న స్టేడియంలో బండి చక్రాల చప్పుడు వినిపించిందంటే అతిశయోక్తి అనుకుంటారు, నాకు వినిపించింది. కాసేపటికి గరాపలో లేచి హెల్మెట్ పెట్టుకుంటే జనం చప్పట్లు. నేనూ కొట్టాను. ఒంటి మీదేమో 5వ నంబరు.

డిసెంబరులో గరాపలో పాదం విరిగింది. అప్పుడు మైదానంలోకి వచ్చిన కుర్రాడి పేరు బ్రాక్ పర్డీ. మా దగ్గర ఉన్నాడని కూడా నేను గట్టిగా పట్టించుకోలేదు. 2022 డ్రాఫ్ట్‌లో 262వ పిక్, మొత్తం డ్రాఫ్ట్‌లో చిట్టచివరివాడు. అతని గురించి ఒక్క పుకారు లేదు, ఏ మాక్ డ్రాఫ్ట్‌లోనూ నేను ఆ పేరు చదవలేదు, ఎవరూ పందెం కాయలేదు. అతన్ని తీసుకున్న శనివారం నేను ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుతున్నాను. ఆ కుర్రాడు తన మొదటి పూర్తి మ్యాచ్‌లో టామ్ బ్రేడీ జట్టుని 35-7తో ఓడించాడు. కంచె అవతల పెద్దాయన నవ్వుతూనే ఉన్నాడు ఆ సాయంత్రమంతా.

2023 ఆగస్టు 25న బావ ఫోన్. హలో కూడా అనలేదు, నవ్వు. లాన్స్‌ని కౌబాయ్స్‌కి ఇచ్చేశారు. నాలుగో రౌండ్ పిక్‌కి.

"మీరు మూడు మొదటి రౌండ్లు పోసి కొన్నదాన్ని మేము చిల్లరకి తెచ్చుకున్నాం బామ్మర్దీ. ఆ జెర్సీ ఎలాగూ నీకు పనికిరాదు, పంపెయ్."

ఆ వేసవిలో బాబాయి, పిన్ని మా దగ్గరికి వచ్చి వెళ్లారు. పిన్ని పెట్టిన ఆవకాయ రెండు సీసాలు తెచ్చారు, ఒకటి బావకి. ఎలా పంపాలా అని నెలరోజులుగా వంటగట్టు మీద పెట్టుకుని చూస్తున్నాను, గాజు సీసా కదా. ఆ రాత్రి అట్టపెట్టె తీసి, సీసా మూతకి టేపు వేసి, 5వ నంబరు పైకి కనపడేలా జెర్సీని మూడు చుట్లు చుట్టి పెట్టాను. ఫ్రిస్కోకి నాలుగు రోజుల్లో చేరింది. సీసా పగల్లేదు గానీ నూనె కొంచెం కారిందట.